మెషీన్ లేకుండా ఇంట్లో ఐస్‌క్రీమ్: ఏళ్ల తరబడి చేశాక నా మాట

కొన్నేళ్లుగా ఇంట్లో ఐస్‌క్రీమ్ మెషీన్ లేకుండానే చేస్తున్నాను. ఎవరడిగినా ఒకటే చెబుతాను: మెషీన్ చేసే పనిని చేత్తో చేయాలని చూడకండి, తిప్పే పనే అక్కర్లేని రకాలు ఎంచుకోండి.

కస్టర్డ్ కాచి, ఫ్రీజర్‌లో పెట్టి, అరగంటకోసారి తీసి గిలక్కొట్టే పద్ధతి అందరూ చెబుతారు. గంటల తరబడి ఫ్రీజర్ దగ్గరే కాపలా ఉన్నా, నాలుకకు మంచు పలుకులు తగులుతూనే ఉంటాయి. మెషీన్ ఆపకుండా తిప్పుతుంది కాబట్టి పలుకులు పెరగవు, గాలీ చేరుతుంది. స్పూన్‌తో ఆ రెండూ అంతంతమాత్రమే.

నేను ఎక్కువగా చేసేది విప్పింగ్ క్రీమ్, కండెన్స్‌డ్ మిల్క్‌తో. అర లీటరు క్రీమ్‌కు 400 గ్రాముల టిన్ను. గాలిని ముందే క్రీమ్‌లోకి ఎక్కించేస్తాం కాబట్టి ఫ్రీజర్‌లో పెట్టాక ముట్టుకునే పని లేదు. క్రీమ్‌లో కొవ్వు 30 శాతానికి తగ్గకూడదు, తగ్గితే ఎంత బీట్ చేసినా నిలవదు. క్రీమ్, గిన్నె, బీటర్ అన్నీ చల్లగా ఉండాలి. బీటర్ పైకెత్తి చూస్తే క్రీమ్ కొన మెత్తగా వంగాలి. అక్కడే ఆపేయండి. కొన నిటారుగా నిలబడి, క్రీమ్ గరుకుగా కనిపించిందంటే కాసేపట్లో వెన్న విడిపోతుంది. తర్వాత కండెన్స్‌డ్ మిల్క్ పోసి, గాలి పోకుండా గరిటెతో కింది నుంచి పైకి నెమ్మదిగా కలిపి, రాత్రంతా ఫ్రీజర్‌లో వదిలేయాలి.

దీని లోపం తీపి. కండెన్స్‌డ్ మిల్క్‌లో దాదాపు సగం చక్కెరే, ఐస్‌క్రీమ్ రాయిలా గట్టిపడకుండా కాపాడేదీ ఆ చక్కెరే. అందుకే తగ్గించలేం. తీపిని కాస్త అణచడానికి కాఫీ పొడో, తియ్యదనం లేని కోకోనో, చిటికెడు ఉప్పో వేస్తాను. ఉడికించని పండ్ల ముక్కలు మాత్రం వేయొద్దు, వాటిలోని నీళ్లు గడ్డకట్టి పంటి కింద రాళ్లవుతాయి. చక్కెరతో దగ్గరపడేదాకా ఉడికించి వేస్తే సమస్య లేదు.

నా మనసు దోచింది మాత్రం ఇటలీలోని సిసిలీ వాళ్ల గ్రానిటా, అంటే గడ్డకట్టించి గీకిన పండ్ల రసం. ఇందులో మంచు పలుకులే అందం, దాచాల్సిన పనే లేదు. లీటరు పండ్ల రసానికి, రసం తీపిని బట్టి, 150 నుంచి 200 గ్రాముల దాకా చక్కెర. చక్కెర తగ్గితే మొత్తం ఒకే గడ్డ, మరీ ఎక్కువైతే గడ్డే కట్టదు. వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోయాలి. అంచులు ముందు గడ్డకడతాయి, వాటిని ఫోర్కుతో గీకి మధ్యలోకి లాగుతూ ఉండాలి. మొదట బురదలా ఉన్నది చివరికి పొడిపొడిగా మెరుస్తుంది.

బాగా పండిన అరటిపండు ముక్కలు గడ్డకట్టించి మిక్సీ పట్టినా మెత్తటి ఐస్‌క్రీమే వస్తుంది, కానీ అప్పటికప్పుడే తినేయాలి. క్రీమ్ మిశ్రమాన్ని ఉప్పు, ఐసు కలిపిన సంచిలో పెట్టి ఊపే పద్ధతి పిల్లల సరదాకే, వచ్చేది గుప్పెడు.

నిల్వ విషయంలో అశ్రద్ధ వద్దు. పైన ప్లాస్టిక్ షీటు అంటుకునేలా పరిచి, డబ్బాను ఫ్రీజర్‌లో బాగా వెనక్కి పెట్టాలి. కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టిన ప్రతిసారీ పలుకులు పెద్దవవుతాయి.

మెషీన్ కొనాలా అంటే, తీపి తక్కువగా, పాలు ఎక్కువగా ఉండే జెలాటో (ఇటలీ తరహా ఐస్‌క్రీమ్) లాంటివి తరచూ కావాలనుకునేవాళ్లు కొనుక్కోవచ్చు. నాకైతే ఇంతవరకూ ఆ అవసరం రాలేదు.