ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కనిపించట్లేదు: కొత్త కేసింగా, నేరుగా సాటానా, ల్యాబా? ఏది మేలు?

హార్డ్ డిస్క్ పెడితే కంప్యూటర్ గుర్తించట్లేదు అనగానే, వైజాగ్ ద్వారకానగర్‌లో ఏ షాపులో రికవరీ బాగా చేస్తారు అని అడిగేవాళ్లే ఎక్కువ. షాపు సంగతి తర్వాత, ముందు పోయింది లోపలి డిస్కా, దాని చుట్టూ ఉన్న డబ్బానా తేల్చుకోండి. మామూలు సాటా డిస్క్‌కి (డిస్క్‌ని మదర్‌బోర్డుకి నేరుగా కలిపే కనెక్షనే సాటా) యూఎస్‌బీగా మార్చే చిన్న బోర్డు తగిలించి ప్లాస్టిక్ కేసింగ్‌లో పెడితే అదే ఎక్స్‌టర్నల్ డ్రైవ్, చాలావాటిలో అంతకుమించి ఏమీ ఉండదు. ఆ బోర్డు, కేబుల్, అడాప్టర్, వీటిలో ఏది పోయినా మనకి కనిపించేది ఒకటే, డ్రైవ్ రాదు. పైగా వైజాగ్‌లో బీచ్ రోడ్డుకి దగ్గరగా ఉండేవాళ్లకి ఉప్పు గాలి ఉచితం, కనెక్టర్ల పిన్నుల్ని అది ఊరికే వదలదు.

చెవి దగ్గర పెట్టుకుని వినండి. తిరుగుతున్న సన్నని చప్పుడు వస్తూ డ్రైవ్ మాత్రం కనిపించకపోతే ముందు కేబుల్‌నీ బోర్డునీ అనుమానించాలి. చప్పుడే లేకపోతే కరెంటు అందుతోందో లేదో చూడాలి. 3.5 అంగుళాల పెద్ద డ్రైవ్‌కి 12 వోల్టుల అడాప్టర్ ఉండాల్సిందే, 2.5 అంగుళాల చిన్నది యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులతోనే నడుస్తుంది కానీ యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే, 3.0 అయితే 900. టిక్ టిక్ అంటోందా? కరెంటు చాలకపోయినా చిన్న డ్రైవ్ అలా అంటుంది కాబట్టి కేబుల్ మార్చి, సీపీయూ వెనక పోర్టులో ఒక్కసారి పెట్టి చూడొచ్చు. అయినా ఆగకపోతే, లేదా గీకుతున్నట్టు చప్పుడొస్తే పీకేసి పక్కన పెట్టేయండి. దానికి ఇక డేటా రికవరీ ల్యాబే.

చప్పుడు మామూలుగా ఉన్నవాళ్లకే కొత్త కేసింగా, సాటానా అన్న ప్రశ్న. నా ఓటు సాటాకే. కొత్త కేసింగ్ కొంటే మళ్లీ ఇంకో బోర్డు మధ్యలో వచ్చి కూర్చుంటుంది, చవకరకంది అయితే డ్రైవ్ ఆరోగ్యం వివరాలు కూడా సరిగ్గా చూపించదు. అదే డిస్క్‌ని బయటికి తీసి డెస్క్‌టాప్ మదర్‌బోర్డుకి నేరుగా కలిపితే బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల తెర) కనిపించిందా లేదా అన్నది అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఆపైన డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ6 వరుసల్లో అంకెలు పెరిగి ఉంటే డిస్క్ ఉపరితలమే పాడవుతోందని, సీ7 ఒక్కటే పెరిగితే కేబుల్ గొడవేనని అనుకోవచ్చు. ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేనివాళ్లు సొంత అడాప్టర్ ఉన్న హార్డ్ డిస్క్ డాకింగ్ స్టేషన్ (డిస్క్‌ని గుచ్చి యూఎస్‌బీతో కలిపే స్టాండ్) కొనుక్కోండి. అడాప్టర్ లేని సాటా-యూఎస్‌బీ కేబుల్ చిన్న డ్రైవ్‌కి సరిపోతుంది గానీ పెద్దదాన్ని తిప్పలేదు. ఇంకో తిరకాసు, కేసింగ్‌లోంచి తీసిన కొన్ని కొత్త డ్రైవ్‌లు డెస్క్‌టాప్ పవర్ కేబుల్‌కి కలిపితే అసలు తిరగవు. దానికి కారణం 3.3 వోల్టుల మూడో పిన్ను, ఆ 3.3 వోల్టులు లేని పాత రకం మోలెక్స్ ప్లగ్ నుంచి సాటాకి మార్చే కన్వర్టర్ వేస్తే లేచి కూర్చుంటాయి. వారంటీ ఉంటే విప్పేముందు ఆలోచించుకోండి. కానీ మామూలు వారంటీలో వచ్చేది కొత్త డ్రైవే, మీ ఫోటోలు కాదు.

సాటా దారి అందరికీ పనిచేయదు. డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ లాంటి చాలా మోడళ్లలో యూఎస్‌బీ పోర్టు డిస్క్ సొంత బోర్డు మీదే ఉంటుంది, విప్పి చూస్తే సాటా కనెక్టరే కనబడదు. కొన్నిట్లో మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది, అలాంటి డిస్క్‌ని వేరే కేసింగ్‌లో పెడితే వచ్చేదంతా చెత్తే, అదే రకం బోర్డు వెతకాలి. 2 టీబీ పైబడిన డిస్కులకి కొన్ని కేసింగ్‌లు సెక్టారుని (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడి) 512 బైట్లు కాకుండా 4096గా చూపిస్తాయి, వాటిలో వాడిన డిస్క్‌ని నేరుగా సాటాకి పెడితే పార్టిషన్ లెక్క కుదరక విండోస్ 'ఫార్మాట్ చేయాలా' అని అడుగుతుంది. అడిగింది కదా అని ఓకే కొట్టకండి. డేటా అక్కడే ఉంది, ఆ లెక్కతో చదివే కేసింగ్ దొరికితే చాలు, ఈ ఒక్క విషయంలో మాత్రం కేసింగే మేలు.

డిస్క్ కనిపిస్తోంది కానీ ఫైళ్లు తెరుచుకోవట్లేదంటే ఇక సాఫ్ట్‌వేర్ వంతు. ఇక్కడ చాలామంది తొందరపడి విండోస్‌లోని రిపేర్ టూల్ చెక్‌డిస్క్ నడిపేస్తారు. పాడవుతున్న డిస్క్ మీద అది మార్పులు రాస్తుంది, వద్దు. అంతే సైజు లేదా అంతకన్నా పెద్ద ఇంకో డ్రైవ్ తెచ్చుకుని లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్‌తో మొత్తం కాపీ తీయండి. అది బాగున్న భాగాల్ని ముందు లాగేసి, పాడైనవాటిని చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది, ఎంతవరకు తీసిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకుంటే కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. ఏది పాత డ్రైవ్, ఏది కొత్తది అన్నది ఎంటర్ కొట్టేముందు ఇంకోసారి చూసుకోండి, తారుమారైతే ఖాళీ డ్రైవ్ వచ్చి మీ డేటా మీద పడుతుంది. ఆ కాపీ మీద పోయిన పార్టిషన్‌ని తిరిగి తెచ్చే టెస్ట్‌డిస్క్, ఫైళ్లని వెతికి తీసే ఫోటోరెక్ నడపండి, రెండూ ఉచితం. ఫోటోరెక్ ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు తిరిగి ఇవ్వదు, అందుకే టెస్ట్‌డిస్క్ ముందు.

వీధి చివరి షాపు, ల్యాబ్ మధ్య తేడా ధరలోనే కాదు. మామూలు షాపుల్లో నడిపేది కూడా ఇలాంటి సాఫ్ట్‌వేరే, కాబట్టి ముందు క్లోన్ (డిస్క్ మొత్తం కాపీ) తీస్తారా అని అడగండి, నీళ్లు నమిలితే డ్రైవ్ తీసుకుని వచ్చేయండి. డిస్క్ మూత విప్పుతామంటే దుమ్ము లేని క్లీన్ రూమ్ ఉండాలి, ఏసీ గది సరిపోదు. ఇంకొకరు అదే మోడల్ సర్క్యూట్ బోర్డు తెచ్చి మార్చేస్తామంటారు, ఇప్పటి డ్రైవ్‌లలో పాత బోర్డు మీదున్న రోమ్ చిప్‌లోని, ఆ డిస్క్‌కే సొంతమైన వివరాలు కూడా కొత్తదానికి ఎక్కించాలి, లేకపోతే చాలావరకు పనిచేయదు. ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా మన ఊరి తేమలో మరీ ప్రమాదం, బయటికి తీయగానే చెమ్మ పట్టేస్తుంది. 12 వోల్టుల డ్రైవ్‌కి 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్ గుచ్చేసిన కేసుల్లో మాత్రం కంగారు పడక్కర్లేదు, చాలాసార్లు కాలేది కేసింగ్ బోర్డో, డిస్క్ బోర్డు మీది రక్షణ డయోడో, బోర్డు పని తెలిసినవాళ్లు చూస్తే ల్యాబ్ ఖర్చు తప్పొచ్చు.

ల్యాబ్ అంటే వేలల్లో, మూత విప్పాల్సి వస్తే ఇంకా ఎక్కువే, అందుకని లోపల ఏముందో రాసుకుని, డేటా రాకపోతే ఎంత కట్టాలో ముందే కాగితం మీద తీసుకుని అప్పుడు ఇవ్వండి. పోయింది పెళ్లి వీడియో అయితే దానికన్నా ముందు వీడియోగ్రాఫర్‌కి ఫోన్ చేయండి, వాళ్ల దగ్గర ఇంకో కాపీ ఉన్నా ఉండొచ్చు.