పల్లెకు ఇంటర్నెట్: నేలలో కేబులా, స్తంభం మీద కేబులా?

పల్లెలకు ఇంటర్నెట్ చేర్చడానికి ప్రభుత్వాలు రెండు దారులు పట్టాయి. 2011లో కేంద్రం ఆమోదించి, తరువాత భారత్‌నెట్‌గా పేరు మార్చిన పథకం మొదట ప్రధానంగా భూమిలో కేబుల్ పాతి పంచాయతీ వరకు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మాత్రం ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా, మొదట్లో నెలకు 149 రూపాయలకే ఇంటి గడప దాకా అందించింది. తవ్వకం తప్పడంతో ఖర్చూ కాలమూ కలిసివచ్చాయి.

గాలివానకు స్తంభం ఒరిగితే కేబుల్ తెగుతుందన్నది నిజమే. అయితే గుంటూరు జిల్లా దుగ్గిరాల దారిలో నీటి పైపు కోసం తవ్విన గుంటలో, తెగిన కేబుల్ కొస బురదలో కూరుకుపోయి ఉండడం నేను చూశాను. అలాంటి తెగుడును వెతికి పట్టుకోవడమే పెద్ద పని, స్తంభం మీదిదైతే కంటికి కనిపిస్తుంది. గుంటూరు పల్లెలకు నేను రెండో దారినే కోరుతాను. పంచాయతీ ఆఫీసు గోడకు ఇంటర్నెట్ పెట్టె బిగించి ఆపేస్తే, మిరప రైతు ఇంట్లో కూర్చుని యార్డు ధర చూసుకోలేడు.