పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కు బడ్జెట్ మానిటర్: మామూలు ఐపీఎస్సా, 27 అంగుళాల క్యూహెచ్‌డీనా, 4కేనా, ఇంట్లో టీవీనా? ఏది మేలు?

తిరుపతిలో ముహూర్తాలు దగ్గరపడే కొద్దీ ఎడిటింగ్ చేసే కుర్రాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. “అన్నా, పాతిక వేలుంది, ఏ మానిటర్ తీసుకోమంటావు?” ఆ డబ్బు చుట్టూ తిరిగే దారులు నాలుగు. పదివేల దగ్గర దొరికే 24 అంగుళాల మామూలు ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని స్క్రీన్ రకం), ఇరవై వేల పైన మొదలయ్యే 27 అంగుళాల క్యూహెచ్‌డీ (2560×1440 చుక్కల స్క్రీన్), ఇంకాస్త అప్పు చేస్తే 4కే (3840×2160 చుక్కలు), అదీ కాదంటే హాల్లో ఉన్న 43 అంగుళాల టీవీని టేబుల్ మీదికి ఎక్కించడం. నా ఓటు క్యూహెచ్‌డీకే, అయితే కొందరికి మామూలు ఐపీఎస్ చాలు, ఆ కొందరెవరో కూడా చెప్తాను.

ముందు టీవీ సంగతి తేల్చేద్దాం. కస్టమర్ చూసేది టీవీలోనే కదా, మనమూ దాంట్లోనే కలర్ చేస్తే, అంటే రంగులు సరిదిద్దితే, సరిపోదా అంటారు, వినడానికి బాగానే ఉంటుంది. కానీ టీవీ అనేది బొమ్మను అందంగా చూపించడానికి చేసిన వస్తువు, ఎరుపును ఇంకా ఎరుపు చేస్తుంది, అంచులకు పదును పెడుతుంది, సీన్‌ను బట్టి వెలుతురు తనంతట తానే పెంచి తగ్గిస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్లి అవన్నీ ఆపినా మనకు తెలియకుండా ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. పైగా రెండడుగుల దూరం నుంచి 43 అంగుళాలంటే మెడ తిప్పి తిప్పి నొప్పి పుడుతుంది. ఫైనల్ వీడియో ఒకసారి వేసి చూసుకోవడానికి టీవీ చాలా మంచిది, అంతవరకే.

ఇక మామూలు ఐపీఎస్. ఇక్కడ పెట్టె మీద రాసింది చదవడం రావాలి. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎంత మేర రంగులు చూపగలదో చెప్పే పాత కొలమానం) అని ఉంటే దాదాపు ఎస్ఆర్‌జీబీ (కంప్యూటర్లకు పెట్టుకున్న మామూలు రంగుల పరిధి) మొత్తం వస్తున్నట్టే లెక్క, 45 శాతం అని ఉంటే ఆ మానిటర్ బిల్లులు కొట్టుకోవడానికి పనికొస్తుంది, కలర్‌కు కాదు. టీవీ ప్రసారాలకు వాడే రెక్.709, కంప్యూటర్లలో నడిచే ఎస్ఆర్‌జీబీ రెండింటికీ మూల రంగులు ఒకటే, తెలుపు కూడా ఒకటే (డీ65 అనే ప్రామాణిక తెలుపు), తేడా అంతా గామాలో, అంటే నలుపు నుంచి తెలుపు దాకా వెలుతురు పెరిగే తీరులో. కాబట్టి పెళ్లిళ్లు, యూట్యూబ్, రీల్స్ చేసేవాడికి ఎస్ఆర్‌జీబీ నిండుగా ఉంటే చాలు. మామూలు ఐపీఎస్‌తో అసలు చిక్కు ఏమిటంటే రంగులు ఉంటాయి గానీ అవి ఉండాల్సిన చోట ఉంటాయన్న నమ్మకం ఉండదు, ఒకటి కాస్త నీలంగా వస్తుంది, అదే మోడల్ ఇంకొకటి పసుపుగా వస్తుంది.

ఇది ఎక్కడ దెబ్బ కొడుతుందంటే పట్టుచీరల దగ్గర. పెళ్లికూతురు మెరూన్ కంచి పట్టు కట్టుకుని ఎల్ఈడీ లైట్ల కింద కూర్చుంటుంది, పక్కనే పెళ్లికొడుకు తెల్ల పంచె, మధ్యలో పసుపు కలిపిన తలంబ్రాలు. నీలం వైపు మొగ్గిన మానిటర్‌లో పంచె చల్లగా కనిపిస్తుంది, సరే అని మనం వెచ్చదనం పెంచుతాం, ఆ దెబ్బకు తలంబ్రాలు నారింజ రంగుకు తిరుగుతాయి, ముఖాలు జ్వరం వచ్చినట్టు ఎర్రబడతాయి, మెరూన్ కాస్తా ఇటుక రంగవుతుంది. మన స్క్రీన్ మీద మాత్రం అంతా బ్రహ్మాండం. ఆల్బమ్‌లో ఒక రంగు, వీడియోలో ఇంకో రంగు ఉంటే ముందుగా పట్టుకునేది పెళ్లికూతురి అమ్మే, ఆ చీర సెలెక్ట్ చేసింది ఆమె కాబట్టి.

అందుకే ఫ్యాక్టరీలోనే కాలిబ్రేట్ చేసి, అంటే రంగులు కొలిచి సరిచేసి, పంపే రకాన్ని చూడమంటున్నాను. ఆసుస్ ప్రోఆర్ట్ పీఏ278క్యూవీ తీసుకోండి, 27 అంగుళాలు, 2560×1440, ఎస్ఆర్‌జీబీ, రెక్.709 రెండూ 100 శాతం, డెల్టా ఈ 2 లోపు అని కంపెనీ హామీ. అంటే చూపించాల్సిన రంగుకూ చూపించే రంగుకూ ఉన్న తేడా మామూలు కంటికి పెద్దగా దొరకదు. టైమ్‌లైన్, స్కోప్‌లు (రంగును, వెలుతురును గ్రాఫ్‌లా చూపేవి), ప్రివ్యూ అన్నీ ఒకే స్క్రీన్‌లో ఇరుకు లేకుండా పడతాయి. బెన్‌క్యూ పీడీ2705క్యూ కూడా ఇదే జాతి, టైప్‌-సీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు చార్జింగ్ కూడా ఇస్తుంది, దానికి తగ్గట్టు ధర ఎక్కువ. టేబుల్ చిన్నదైతే, డబ్బు ఇంకా తక్కువైతే ప్రోఆర్ట్‌లోనే 24.1 అంగుళాల పీఏ248క్యూవీ ఉంది, 1920×1200, టైమ్‌లైన్‌కు కింద ఆ కొంచెం ఎక్కువ చోటు భలే కలిసొస్తుంది.

4కే మాటేమిటి అంటారా? షూట్ చేసింది 4కేలో కాబట్టి మానిటర్ కూడా 4కే ఉండాలన్నది చాలామంది పట్టుకున్న మాట, అవసరమేమీ లేదు. 27 అంగుళాల 4కేలో అక్షరాలు చీమల్లా ఉంటాయి కాబట్టి విండోస్‌లో స్కేలింగ్ 150 శాతం పెట్టుకుంటాం, అప్పుడు దొరికే చోటు క్యూహెచ్‌డీతో సమానమే, బొమ్మ పదును మాత్రం నిజంగా బాగుంటుంది, కాదనను. అసలు సమస్య వేరే. 4కేలో చాలా మోడళ్లు డీసీఐ-పీ3 (సినిమాల రంగుల పరిధి) 95 శాతం అంటూ వెడల్పాటి రంగులతో వస్తాయి, ఆ మోడ్‌లోనే వదిలేసి రెక్.709 వీడియో వేస్తే కుంకుమ నియాన్ లైటులా వెలుగుతుంది, మనం భయపడి రంగు తగ్గిస్తాం, కస్టమర్ ఫోన్‌లో అది వెలిసిపోయి కనిపిస్తుంది. ఎస్ఆర్‌జీబీ మోడ్‌కు మార్చుకుంటే పోతుంది, కాకపోతే కొన్ని మానిటర్లలో ఆ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ మార్చనివ్వదు, కొనేముందు అది ఒకసారి అడగండి. ముప్పై వేలు దాటి పెట్టగలిగి, కంప్యూటర్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే 4కే తప్పేమీ కాదు.

గేమింగ్ కోసం చేసిన వంపు తిరిగిన వీఏ (ఐపీఎస్ కాని ఇంకో రకం స్క్రీన్) మానిటర్లు, హెచ్‌డీఆర్ (మరింత వెలుతురు, లోతైన నీడలు చూపే పద్ధతి) 400 స్టిక్కర్లు, వీటికి డబ్బు పెట్టొద్దు. వీఏలో నలుపు బాగుంటుంది గానీ తల కాస్త పక్కకు జరిపితే నీడలు మారిపోతాయి. హెచ్‌డీఆర్ 400కు లోకల్ డిమ్మింగ్ (స్క్రీన్‌లో ఒక్కో భాగం వెలుతురును విడిగా తగ్గించడం) ఉండాలన్న నియమమే లేదు, దాంతో హెచ్‌డీఆర్ గ్రేడింగ్ అవ్వదు.

మానిటర్ ఏదైనా వచ్చిన రోజే చేయాల్సిన పని బ్రైట్‌నెస్ తగ్గించడం. పెట్టెలోంచి తీసినప్పుడు కళ్లు చెదిరేలా ఉంటుంది, ఆ వెలుతురులో గ్రేడ్ చేస్తే (రంగు, వెలుతురు సరిచేస్తే) మనకు తెలియకుండానే వీడియో చీకటి చేసేస్తాం. చీకటి గదిలో 100 నిట్లు (స్క్రీన్ వెలుతురు కొలత), కాస్త లైటు ఉన్న గదిలో 120 దగ్గర చాలు. గది అంటే గుర్తొచ్చింది, మన వైపు స్టూడియోల్లో చిలకపచ్చ, గులాబీ గోడలు మామూలే. మానిటర్ వెనక గోడకు మాత్రం బూడిద రంగు వేయించండి, ఒక డబ్బా పెయింట్ ఖర్చు, కొన్నిసార్లు మానిటర్ మార్చడం కంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది.

కాలిబ్రేషన్ పరికరం, అదే కలరీమీటర్, ఒక్కరికి భారమే, ధర మధ్యరకం మానిటర్‌కు దగ్గరగా పోతుంది. కానీ రోజూ వాడేది కాదు, నెలకోసారి చాలు, నలుగురు స్టూడియో వాళ్లు కలిసి కొనుక్కుని తిప్పుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు డిస్‌ప్లేకాల్ ఉచితమే. ఒక్క మెలిక ఉంది, విండోస్‌లో డావిన్చి రిజాల్వ్ (ఎడిటింగ్, కలర్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ప్రొఫైల్ (మానిటర్ రంగుల వివరాల ఫైల్) తయారుచేసి వదిలేస్తే వీడియో కనిపించే వ్యూయర్‌కు అది పూర్తిగా వర్తించదు, డిస్‌ప్లేకాల్‌తో 3డీ లట్ (ఏ రంగును ఎలా మార్చాలో చెప్పే ఫైల్) చేయించి ప్రాజెక్ట్ సెట్టింగుల్లో వ్యూయర్ లట్‌గా ఎక్కించాలి. పరికరం లేనివాళ్లు వెక్టర్‌స్కోప్‌లో (రంగులను గుండ్రటి గ్రాఫ్‌లో చూపే స్కోప్) స్కిన్ టోన్ గీతను నమ్ముకోండి, నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా మనిషి చర్మం ఆ గీత పక్కనే పడుతుంది. పదివేల ఐపీఎస్‌తో నెట్టుకొచ్చేవాళ్లకు, అంటే కటింగ్, మిక్సింగ్ ఎక్కువ, కలర్ తక్కువ ఉన్నవాళ్లకు, ఈ స్కోప్ ఉంటే చాలావరకు గట్టెక్కుతుంది.

రేణిగుంట పక్కన వికృతమాల దగ్గర టీసీఎల్ వాళ్ల డిస్‌ప్లే ప్యానెళ్ల ఫ్యాక్టరీ ఉంది, అయినా మన ఊళ్లో షాపుకెళ్లి ప్రోఆర్ట్ అడిగితే “ఆర్డర్ పెట్టాలి సార్” అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది, ఎదురుగా పెట్టి ఉండేవి గేమింగ్‌వీ ఆఫీసువీ. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లొచ్చేవాళ్లూ ఉన్నారు. ఎక్కడ కొన్నా మీకు బాగా తెలిసిన క్లిప్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి, ఆ చీర నిజంగా ఏ రంగో మీరు కళ్లారా చూసినదై ఉండాలి. ఆన్‌లైన్ అయితే రిటర్న్ గడువు ముగిసేలోపు పూర్తి బూడిద రంగు బొమ్మ ఒకటి ఫుల్ స్క్రీన్‌లో పెట్టి, లైట్లు ఆపి, మూలల్లో పసుపు మచ్చలు ఉన్నాయేమో చూసుకోండి.