కడప ఎండలోనూ కుదిరిన బటర్ కుకీలు

మా పక్క వీధిలో ఒక అక్క ఇంట్లోనే బటర్ కుకీలు చేసి అమ్ముతుంది. అంచులు లేత బంగారు రంగు, మధ్యలో తెలుపు, నోట్లో వేసుకోగానే కరిగిపోతాయి. డాల్డా వాసన అస్సలు లేదు, అచ్చమైన వెన్నే. కడప ఎండకు వెన్న జారిపోయి కుకీలు పరుచుకుపోతాయని, పిండిముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాతే 170 డిగ్రీల్లో కాలుస్తుందట. "అంచులు రంగు తిరగ్గానే తీసేయాలి, మెత్తగా ఉన్నాయని ఇంకాసేపు ఉంచితే గట్టిబడతాయి. చల్లారేకొద్దీ అవే నిలబడతాయి" అంది. ఆ ఓపిక తినేటప్పుడు తెలుస్తుంది.

నా మటుకు చక్కెర కొంచెం ఎక్కువ. చక్కెర తగ్గించిన టీతో అయితే సరిగ్గా సరిపోతాయి. ప్లాస్టిక్ కవర్లో ఇస్తే విరుగుతున్నాయి, డబ్బా తీసుకెళ్లండి. పళ్లు లేని మా అవ్వ కూడా ఇష్టంగా తింది. రంజాన్‌కు కేజీ చెప్పేశాను.