కాథలిక్ స్కూల్లో సిక్స్త్ ఫార్మ్: ఇద్దరు పిల్లల్ని చదివించిన తల్లిగా నా సమీక్ష

మా పెద్దబ్బాయి ఇంగ్లండ్‌లో ఒక కాథలిక్ స్కూల్లో సిక్స్త్ ఫార్మ్ పూర్తి చేసి యూనివర్సిటీలో చేరాడు. అమ్మాయి ఇప్పుడు అదే స్కూల్లో ఇయర్ 13 చదువుతోంది. మేము హిందువులం, మాది విజయవాడ. ఇక్కడి తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే: చదువు బాగా చెప్తారా, మతం రుద్దుతారా? బాగా చెప్తారు, రుద్దరు. అయితే ఆ స్కూలు పిల్లల నుంచి మార్కులు మాత్రమే కోరదు. ఆ సంగతి తెలిసి చేర్పిస్తే అందరికీ మంచిది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను. మన పదో తరగతి లాంటి జి.సి.ఎస్.ఈ. పరీక్షల తర్వాత వచ్చే ఇయర్ 12, ఇయర్ 13 కలిపి సిక్స్త్ ఫార్మ్. మన ఇంటర్ వయసే. ఎంపీసీ, బైపీసీ లాంటి గ్రూపులు ఉండవు. మామూలుగా మూడు సబ్జెక్టులు పిల్లలే ఎంచుకుంటారు. మావాడు మ్యాథ్స్, కెమిస్ట్రీలతో పాటు హిస్టరీ తీసుకుంటే ఇండియాలో మా బంధువులు ఆశ్చర్యపోయారు గానీ స్కూల్లో అది మామూలు విషయం. ప్రభుత్వ నిధులతో నడిచే కాథలిక్ స్కూళ్లలో ఫీజు ఉండదు. సీట్లకు పోటీ ఉంటే ముందు కాథలిక్ పిల్లలకే ఇస్తారు. మిగిలితే మనలాంటివాళ్లకూ, వేరే స్కూళ్ల నుంచి వచ్చేవాళ్లకూ దొరుకుతాయి. మా స్కూల్లో ఏ లెవెల్ (సిక్స్త్ ఫార్మ్‌లో చదివే కోర్సు) మ్యాథ్స్‌కి జి.సి.ఎస్.ఈ.లో కనీసం గ్రేడ్ 7 (అత్యధికం 9) అడిగారు.

రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున తొమ్మిదిలోపే రిజిస్ట్రేషన్. కింది తరగతుల యూనిఫాం ఉండదు, దాని బదులు ఆఫీసుకు వెళ్లేవాళ్లలా సూటు వేసుకోవాలి. మెడలో ఐడీ కార్డు తగిలించే లాన్యార్డ్ తప్పనిసరి. మర్చిపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. తర్వాత ఫార్మ్ టైమ్, అంటే క్లాసు పిల్లలంతా తమ ట్యూటర్‌తో గడిపే కాసేపు. ట్యూటర్ ఒక చిన్న ప్రార్థన చదువుతారు, ఒక్కోసారి పిల్లల్లోనే ఎవరో చదువుతారు. ఆ రోజు ఎవరి కోసమైనా ప్రార్థించాలా అని అడుగుతారు. ఎవరో ఒకరు "మా నానమ్మకి ఆపరేషన్, సర్" అంటారు. మిగతావాళ్లు నిశ్శబ్దంగా ఉంటారు. అంతా ఐదు నిమిషాలు కూడా పట్టదు. కానీ క్లాసులో ఎవరింట్లో ఏం కష్టం ఉందో అందరికీ తెలిసేది అలాగే. మావాడు మాటకారి కాడు. వాడు డల్‌గా ఉంటే మాకన్నా ముందు ట్యూటర్ గమనించి ఫోన్ చేసిన సందర్భాలు ఉన్నాయి. ఈ స్కూలు గురించి నేను మొదట చెప్పే మంచి మాట ఇదే.

మన తల్లిదండ్రులకు టెన్షన్ పెట్టేవి ఫ్రీ పీరియడ్లు. మూడే సబ్జెక్టులు కాబట్టి టైమ్‌టేబుల్లో చాలా ఖాళీలు కనిపిస్తాయి. స్టడీ అవర్లు పెట్టి నెత్తిన లెక్చరర్ కూర్చునే పద్ధతి చూసినవాళ్లకు ఇది గాలికి వదిలేసినట్టే అనిపిస్తుంది. నిజానికి క్లాసులో గడిపినంత సేపు సొంతంగా చదవాలని టీచర్లు మొదటి వారంలోనే చెప్పేస్తారు. ఇయర్ 12లో కొన్ని ఖాళీ పీరియడ్లు స్టడీ రూమ్‌లో సంతకం పెట్టి కూర్చోవాలి. అక్కడ మాటలు ఉండవు, ఫోన్ బయటికి తీయకూడదు. మిగతా సమయం కామన్ రూమ్‌లో గడపొచ్చు. ఎవరూ తిట్టరు. కానీ నవంబర్లో మొదటి టెస్టుల మార్కులు వచ్చాక ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలిసిపోతుంది. ఎవరో వెంటపడితేనే చదివే పిల్లలకు ఈ పద్ధతి కష్టం. మా అమ్మాయికి మాత్రం చక్కగా కుదిరింది.

ఇక మతం సంగతి. వారానికి ఒక ఆర్.ఈ. (మత విద్య) పీరియడ్ ఉంటుంది, దానికి పరీక్ష లేదు. కాథలిక్ బిషప్పుల లెక్క ప్రకారం సిక్స్త్ ఫార్మ్‌లో బోధనా సమయంలో 5 శాతం దీనికి కేటాయించాలి. బైబిల్ పాఠాలు అప్పజెప్పించుకుంటారేమో అనుకుంటారు చాలామంది. మా పిల్లల క్లాసులో జరిగినవి ఎక్కువగా వాదనలే: మరణశిక్ష ఉండాలా, ప్రాణాంతక జబ్బుతో ఉన్నవాళ్లు చనిపోవడానికి డాక్టర్ సాయం చేయొచ్చా, యుద్ధం ఎప్పుడైనా న్యాయమవుతుందా. టీచర్ చర్చి ఏం చెప్తుందో దాచకుండా చెప్తారు, ఒప్పుకోని పిల్లల మాట కూడా పూర్తిగా వింటారు. మెడిసిన్ ఇంటర్వ్యూకి ఇలాంటి చర్చలు బాగా పనికొచ్చాయని అమ్మాయి చెప్పింది.

ఆల్ సెయింట్స్, యాష్ వెన్స్‌డే లాంటి కాథలిక్కుల ముఖ్యమైన రోజుల్లో స్కూలంతా మాస్‌కి (చర్చి పూజకి) వెళ్తుంది. కాథలిక్కులు కానివాళ్లు ప్రసాదం తీసుకోకుండా చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఫాదర్ దీవించి పంపుతారు. లేదా కూర్చునే ఉండొచ్చు. ఇంకో విషయం చాలామందికి తెలియదు: ఇంగ్లండ్ చట్టం ప్రకారం సిక్స్త్ ఫార్మ్ విద్యార్థి సామూహిక ప్రార్థన నుంచి తనంతట తనే తప్పుకోవచ్చు, తల్లిదండ్రుల ఉత్తరం అక్కర్లేదు. మా పిల్లలకు ఆ అవసరం రాలేదు.

నవంబర్ నెల కాథలిక్కులకు చనిపోయినవాళ్లను తలుచుకునే నెల. స్కూలు చాపెల్‌లో (చిన్న ప్రార్థనా మందిరంలో) ఒక పెద్ద పుస్తకం తెరిచి పెడతారు, ఎవరైనా తమవాళ్ల పేర్లు రాయొచ్చు. మా మామగారు చనిపోయిన ఏడాది మావాడు పరీక్షల వల్ల విజయవాడ రాలేకపోయాడు. ఆ పుస్తకంలో తాతయ్య పేరు ఇంగ్లీషులో రాసి, దాని కింద తెలుగులో కూడా రాశాడట. స్కూల్లో ప్రార్థనలు చూసుకునే చాప్లిన్ ఆ పేజీ చూసి, ఆ అక్షరాలు ఏమిటని అడిగి, పేరు సరిగ్గా పలకడం నేర్చుకుని, ఆ వారం మాస్‌లో మిగతా పేర్లతో పాటు చదివారు. కర్మలకు దూరంగా ఉండిపోయాడని బాధపడుతున్న పిల్లాడికి అది ఎంత ఊరటో నేను కళ్లారా చూశాను.

సేవ విషయంలో స్కూలు గట్టిగా ఉంటుంది. ప్రతి సిక్స్త్ ఫార్మ్ విద్యార్థీ వారంలో కొంత సమయం ఇతరుల కోసం ఇవ్వాలి. ఇయర్ 7 పిల్లలతో పుస్తకాలు చదివించడం, ఫుడ్ బ్యాంక్‌లో డబ్బాలు సర్దడం, వృద్ధాశ్రమానికి వెళ్లడం, ఏదో ఒకటి. ఈస్టర్‌కి ముందు వచ్చే లెంట్ ఉపవాస రోజుల్లో కాఫడ్ అనే కాథలిక్ సేవాసంస్థ కోసం చందాలు పోగుచేస్తారు. ఆ రోజుల్లో ఒక శుక్రవారం క్యాంటీన్‌లో సూప్, బ్రెడ్ మాత్రమే తిని మిగిలిన డబ్బు ఇచ్చేస్తారు. వేసవిలో డయోసిస్ (బిషప్ పరిధిలోని చర్చిలన్నీ) తరఫున ఫ్రాన్స్‌లోని మేరీమాత క్షేత్రం లూర్దుకి జబ్బుపడ్డవాళ్లను తీసుకెళ్లే యాత్రకు మా అమ్మాయి వలంటీర్‌గా వెళ్లింది. వీల్‌చైర్లు తొయ్యడం, భోజనం తినిపించడం, రాత్రిళ్లు ఊరేగింపులో తోడుండడం దాని పని. మా అమ్మకి ఫోన్‌లో చెప్తే, "మన గుణదల మాతే కదా, దండం పెట్టుకుని రమ్మను" అంది. మా విజయవాడలో గుణదల కొండ మీద ఉన్నది లూర్దు మాతే. ఫిబ్రవరి తిరునాళ్లకు మతంతో పని లేకుండా జనం వెళ్లి తలనీలాలు ఇవ్వడం చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని కాబట్టి నాకూ అది కొత్త చోటు అనిపించలేదు. తిరిగొచ్చాక అమ్మాయి మెడిసిన్ మాటకు ఒక బరువు వచ్చింది.

లోపాలు కూడా చెప్పాలి. చిన్న సిక్స్త్ ఫార్మ్ కాబట్టి సబ్జెక్టులు తక్కువ. కంప్యూటర్ సైన్స్ కావాలంటే పక్క స్కూలుకు వెళ్లాలి, దారిలోనే సమయం పోతుంది. ఫర్దర్ మ్యాథ్స్ టైమ్‌టేబుల్ ఇంకో సబ్జెక్టుతో గుద్దుకుని మావాడు వదులుకోవాల్సి వచ్చింది. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది మెడిసిన్ దరఖాస్తుల విషయం. మెడిసిన్ సీటు కోసం రాసే యూక్యాట్ పరీక్ష ఇయర్ 13కి ముందు వేసవిలోనే మొదలవుతుంది, యూనివర్సిటీ దరఖాస్తులు పంపే యూకాస్‌లో మెడిసిన్ గడువు అక్టోబర్ 15. అలాంటప్పుడు జూన్ చివర్లో ఒక్క మీటింగ్ పెట్టి సరిపెట్టారు. మేము సొంతంగా కనుక్కోకపోతే అమ్మాయి వెనకబడిపోయేది. స్లైడ్లు పాతవి. 2026 ప్రవేశాల నుంచి, దరఖాస్తులో పిల్లలు తమ గురించి రాసే పర్సనల్ స్టేట్‌మెంట్ ఒకే వ్యాసంగా కాకుండా మూడు ప్రశ్నలుగా మారిందన్న సంగతి కూడా వాటిలో లేదు. డాక్టర్ కావాలనుకునే పిల్లలున్నవాళ్లు ఇది స్కూలుకు వదిలేయొద్దు.

ప్రెడిక్టెడ్ గ్రేడ్లు (ఏ గ్రేడ్లు రావచ్చో యూనివర్సిటీలకు టీచర్లు రాసే అంచనా) కూడా బతిమాలితే పెరగవు. మాక్స్‌లో, అంటే స్కూలు పెట్టే నమూనా పరీక్షల్లో వచ్చిందే రాస్తారు. మావాడికి అది చేదుగా ఉన్నా, ఆగస్టులో రిజల్ట్స్ రోజున అవే గ్రేడ్లు వచ్చాయి. ఆ పొద్దున గ్రేడ్లు తగ్గి యూనివర్సిటీ ఆఫర్ తప్పిన పిల్లల పక్కన కూర్చుని, మిగిలిన సీట్ల కోసం క్లియరింగ్ ఫోన్లు చేయించిన టీచర్లను చూశాక నా గౌరవం ఇంకా పెరిగింది.

చేర్పించాలనుకుంటే శరదృతువులో జరిగే ఓపెన్ ఈవెనింగ్‌కి పిల్లల్ని తీసుకెళ్లండి. హెడ్ టీచర్ ప్రసంగం కన్నా అక్కడ నిలబడి ఉండే ఇయర్ 13 పిల్లలతో ఎక్కువసేపు మాట్లాడండి. మీకు కావాల్సిన సబ్జెక్టులు మూడూ ఒకదానికొకటి అడ్డురాకుండా దొరుకుతాయా, ఎక్కడ బోధిస్తారు, మెడిసిన్‌కి లేదా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు సన్నద్ధం చేయడం ఏ నెలలో మొదలుపెడతారు అని సూటిగా అడగండి. స్టడీ రూమ్, చాపెల్ రెండూ చూపించమనండి.