నాగార్జునకొండ: లాంచీ ఆగే ఆ గంటలో ఏం చూడాలి

నాగార్జునసాగర్ జలాశయం మధ్య దీవిలా మిగిలిన నాగార్జునకొండకు హైదరాబాద్ నుంచి వెళ్లాలంటే శుక్రవారం పెట్టుకోకండి. కొండ మీది మ్యూజియానికి ఆ రోజు సెలవు. మ్యూజియం చూడకుండా కొండ ఎక్కితే సగం ప్రయాణం వృథా.

ఎల్బీనగర్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా సాగర్ సుమారు 150 కిలోమీటర్లు. టిఫిన్‌కి ఆగితే మూడున్నర గంటలు. హైదరాబాద్ పెద్ద బస్‌స్టాండ్ ఎంజీబీఎస్ నుంచి బస్సులున్నాయి. లాంచీలు తెలంగాణ ఒడ్డున హిల్ కాలనీ నుంచీ, ఆంధ్ర ఒడ్డున విజయపురి సౌత్ నుంచీ నడుస్తాయి. కొండ మాత్రం ఆంధ్రలోకే, పల్నాడు జిల్లా కిందికే వస్తుంది. జనం సరిపడా రాకపోతే లాంచీ కదలదు. గాలి ఎక్కువైనా, నీళ్లు మరీ తగ్గినా ఆపేస్తారు. ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి, పొద్దున లాంచీకే వెళ్లండి. సాయంత్రం దానికోసం కూర్చుంటే ఒక్కోసారి రద్దయిందని చెప్తారు, అప్పటికి ఇంకో దారి ఉండదు.

కొండ మీద సాధారణంగా గంటసేపే ఆపుతారు. అది చాలదు. అందుకే దిగగానే ఫొటోలకు నిలబడకుండా నేరుగా మ్యూజియానికి నడవండి. మొదట చూడాల్సింది మునిగిపోయిన లోయ నమూనా. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. సాగర్ నీళ్లొచ్చేలోగా, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి, ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి ఈ కొండ మీద మళ్లీ పేర్చారు. ఆ నమూనా చూశాక బయటి రాళ్లు ఎక్కడివో అర్థమవుతాయి. లేకపోతే అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

తర్వాత శిల్పాలు. పల్నాటి సున్నపురాయి లేత ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. వేలెడు మందం చెక్కడంలో గుర్రం జీను, దాని మీది కుచ్చు కూడా తెలుస్తాయి. కళ్లు దగ్గరగా పెట్టి చూడండి, ఒక్కో పలకకు రెండు నిమిషాలైనా ఇవ్వండి.

మిగిలిన సమయం మహాచైత్యానికి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి కట్టించిన స్తూపమిది. పైనుంచి చూస్తే బండిచక్రంలా ఉంటుంది: మధ్య ఇరుసు, చక్రం ఆకుల్లా ఇటుక గోడలు, వాటి మధ్య మట్టి నింపారు. అంత మట్టి బరువుకు బయటి గోడ విచ్చిపోకుండా ఆ అడ్డగోడలు పట్టి ఉంచేవి. నాలుగు దిక్కులా ఒక్కో వేదిక మీద అయిదేసి ఆయక స్తంభాలుండేవి. పుట్టుక, ఇల్లు విడవడం, బోధి, తొలి ఉపదేశం, పరినిర్వాణం: బుద్ధుడి జీవితంలోని ఈ అయిదు ఘట్టాలకు అవి గుర్తులు.

నీడ తక్కువ, తినడానికి దొరికేదీ తక్కువే. మనిషికి లీటరు నీళ్లు, టోపీ తీసుకెళ్లండి. తిరిగొచ్చాక టైముంటే ఆంధ్ర ఒడ్డున అనుపు చూడండి. అక్కడ కూడా కొన్ని కట్టడాలు మళ్లీ పేర్చారు. అక్కడి రాతి ప్రేక్షకశాల మధ్యలో నిలబడి మామూలుగా మాట్లాడితే పై మెట్ల మీద కూర్చున్నవాళ్లకు వినిపిస్తుంది.