మనీబాల్, బాల్ ఫోర్, బాయ్స్ ఆఫ్ సమ్మర్: బేస్‌బాల్ అభిమానికి ఏది మేలు?

బేస్‌బాల్ అంటే పడిచచ్చేవాళ్లకు ఏదైనా పుస్తకం కొనిద్దామని అడిగితే అందరి నోటా ముందు వచ్చే పేరు 'మనీబాల్'. అమెరికాలో పిల్లల్ని లిటిల్ లీగ్ మ్యాచులకు తిప్పుతూ తామూ ఆట మీద ఇష్టం పెంచుకున్న మనవాళ్లు కూడా బ్రాడ్ పిట్ సినిమా పుణ్యమా అని ఆ పేరు వినే ఉంటారు. దానికి ఆ పేరు ఊరికే రాలేదు. అయినా ఒక్కటే కొనాల్సి వస్తే నేను మాత్రం రోజర్ కాన్ రాసిన 'ది బాయ్స్ ఆఫ్ సమ్మర్' కొంటాను. ఎందుకో చెప్పాలంటే ఈ రెంటి పక్కన జిమ్ బౌటన్ 'బాల్ ఫోర్' కూడా పెట్టి చూడాలి.

పైకి మూడూ మూడు రకాలు. ఒకటి లెక్కల కథ, ఒకటి డైరీ, ఒకటి జ్ఞాపకాలు. లోపలికి వెళ్తే మూడూ ఒకే మనిషి చుట్టూ తిరుగుతాయి: ఇక ఆటకు పనికిరాడని అందరూ వదిలేసిన ఆటగాడు.

మైకేల్ లూయిస్ 2003లో తెచ్చిన 'మనీబాల్' ఆ మనిషిని చవగ్గా కొనుక్కోవడం ఎలాగో చెబుతుంది. 2002లో ఓక్లండ్ అథ్లెటిక్స్ ఆటగాళ్ల జీతాలకు పెట్టిన ఖర్చు దాదాపు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్ ఖర్చు అందుకు మూడు రెట్లు. ఆ సీజన్‌లో రెండు టీములూ గెలిచింది మాత్రం సరిగ్గా చెరి 103 మ్యాచులే. ఓక్లండ్ జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ పట్టుకున్న కిటుకు చిన్నదే. అందరూ బ్యాటింగ్ యావరేజీ, అంటే ఎన్ని ప్రయత్నాల్లో ఎన్నిసార్లు బంతిని కొట్టి బేస్ (పరుగు కోసం వరసగా తాకాల్సిన మజిలీ) చేరాడన్న లెక్క, చూస్తుంటే, ఆయన బ్యాటర్ అవుట్ కాకుండా ఎలాగైనా ఎన్నిసార్లు బేస్ చేరుతున్నాడో చూశాడు. చెడ్డ బంతుల్ని ఓపిగ్గా వదిలేసి, నాలుగయ్యాక నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళ్లేవాడి విలువ మార్కెట్‌కు తెలియదు. ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని వదిలేసే ఓపెనర్‌ను మెచ్చుకుంటూ పెరిగిన మన క్రికెట్ అభిమానికి ఇది వెంటనే అందుతుంది. ఇలాంటి ఆలోచనలకు దారి వేసిన బిల్ జేమ్స్ కాన్సస్‌లో ఒక ఆహార డబ్బాల ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూ అంకెలు రాసుకున్నవాడు. ఆయన గురించిన అధ్యాయం చదివితే అంకెల మీద కూడా ప్రేమ పుడుతుంది.

పుస్తకంలో నాకు బాగా నచ్చిన మనిషి స్కాట్ హాటెబర్గ్. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌గా ఉండగా మోచేతిలో నరం దెబ్బతిని బంతి విసరలేని స్థితికి వచ్చాడు. ఓక్లండ్ అతణ్ణి మొదటి బేస్‌లో నిలబెట్టాలనుకుంది. ఆ స్థానంలో అతనెప్పుడూ ఆడలేదు. భార్య నేలబారుగా బంతులు కొడుతుంటే ఆపడం నేర్చుకున్నాడు. ఆ సెప్టెంబర్‌లో టీము వరసగా 20వ విజయం కోసం కాన్సస్ సిటీ మీద ఆడుతూ 11-0 ఆధిక్యం మొత్తం పోగొట్టుకుంది. స్కోరు 11-11 అయ్యాక, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వేరొకరి బదులు బ్యాట్ పట్టుకుని వచ్చి హోమ్ రన్ (మన సిక్సర్ లాంటి షాట్) కొట్టింది ఈ హాటెబర్గే. ఏం జరగబోతోందో తెలిసి చదివినా టెన్షన్ తగ్గదు.

అయితే దీంట్లో పెద్ద లోటే ఉంది. ఆ టీముకు హడ్సన్, మల్డర్, జిటో అనే ముగ్గురు గొప్ప పిచర్లు (మన బౌలర్ల లాంటివాళ్లు) ఉన్నారు. ఆ ఏడాది, ఓక్లండ్ ఆడే అమెరికన్ లీగ్‌లో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు జిటోకు, అత్యంత విలువైన ఆటగాడి అవార్డు రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే (షార్ట్‌స్టాప్) మిగెల్ తెహాదాకు వచ్చాయి. వాళ్లకు పుస్తకంలో దక్కిన చోటు చాలా తక్కువ. సిద్ధాంతానికి నప్పేవాళ్లు ముందుకొచ్చారు, నప్పనివాళ్లు వెనక్కి వెళ్లారు. ఆటను లోతుగా అనుసరించే అభిమానికి ఇది తప్పకుండా గుచ్చుకుంటుంది.

'బాల్ ఫోర్'లో ఆ పనికిరాని మనిషే కలం పట్టాడు. 1963లో యాంకీస్ తరఫున పిచర్‌గా 21 మ్యాచులు గెలిచిన బౌటన్ చెయ్యి తర్వాత దెబ్బతింది. వేగం పోయింది. ఇక మిగిలింది నకుల్‌బాల్. వేళ్ల కొసలతో పట్టుకుని, తిరగకుండా విసిరే ఆ బంతి ఎటు ఊగుతుందో విసిరినవాడికే తెలియదు. దాన్నే నమ్ముకుని 1969లో సియాటిల్ పైలట్స్‌లో చేరి, రోజూ డైరీ రాశాడు. ఆ టీము సియాటిల్‌లో ఆడింది ఆ ఒక్క ఏడాదే. మరుసటి ఏడాదికల్లా మిల్వాకీ వెళ్లిపోయింది. జీతం 22,000 డాలర్లని మొదట్లోనే చెప్పేస్తాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో మింగే ఉత్తేజక మాత్రలు, యాంకీస్ స్టార్ మికీ మాంటిల్ తాగుడు, జీతం పెంచమంటే యాజమాన్యం వేసే వేషాలు, ఏదీ దాచలేదు. 1970లో పుస్తకం వచ్చాక, అందులో రాసింది నిజం కాదని ఒప్పుకోమని బేస్‌బాల్ వ్యవహారాలు చూసే కమిషనర్ బౌవీ కూన్ ఒత్తిడి తెచ్చాడు. బౌటన్ ఒప్పుకోలేదు. ధైర్యంలో ఈ మూడింట్లో దీనిదే పైచెయ్యి. కానీ ఆడవాళ్ల గురించిన మాటలు చాలాచోట్ల రోత పుట్టిస్తాయి. పదిహేనేళ్ల పిల్లలకు మాత్రం ఇవ్వొద్దు.

ఇక 1972లో వచ్చిన 'ది బాయ్స్ ఆఫ్ సమ్మర్'. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టి, అక్కడి డాడ్జర్స్ టీము మైదానం ఎబెట్స్ ఫీల్డ్ దగ్గర్లోనే పెరిగిన కాన్, 24 ఏళ్లకే హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక తరఫున ఆ టీముతో తిరిగాడు. 1952, 53 సీజన్లవి. 1947లో నల్లజాతి ఆటగాళ్లకు తలుపు తెరిచిన జాకీ రాబిన్సన్ అప్పుడు ఆ టీములో ఉన్నాడు. రెండేళ్లూ వరల్డ్ సిరీస్‌కు, అంటే ఛాంపియన్ ఎవరో తేల్చే ఫైనల్‌కు, చేరారు, రెండేళ్లూ యాంకీస్ చేతిలో ఓడారు. 1957 సీజన్ అవగానే టీము లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయింది. 1960లో మైదానాన్ని కూల్చేశారు.

ఈ పుస్తకాన్ని మిగతావాటికంటే పైన నిలబెట్టేది రెండో సగం. ఏళ్లు గడిచాక కాన్ ఆ ఆటగాళ్లను వెతుక్కుంటూ వెళ్తాడు. రైట్ ఫీల్డ్ నుంచి కార్ల్ ఫురిల్లో విసిరే బంతికి రన్నర్లు హడలిపోయేవాళ్లు. గాయంతో ఉన్నప్పుడు తనను తీసేశారని టీము మీద కేసు వేసి, ఆ తర్వాత బేస్‌బాల్‌లో ఎవరూ పని ఇవ్వలేదని రగిలిపోతున్న ఆ మనిషి, అప్పుడే కడుతున్న వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో లిఫ్టులు బిగిస్తూ కనిపిస్తాడు. మూడో బేస్‌లో బంతిని పోనివ్వని బిల్లీ కాక్స్ పెన్సిల్వేనియాలో తన ఊళ్లో బార్ కౌంటర్ వెనక నిలబడి గ్లాసులు నింపుతుంటాడు. క్యాచర్ రాయ్ క్యాంపనెల్లా 1958 కారు ప్రమాదం తర్వాత చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. రాబిన్సన్ 1971లో కొడుకును కారు ప్రమాదంలో పోగొట్టుకున్నాడు. కాన్ ఎవరి మీదా జాలి కురిపించడు. కూర్చుని, వాళ్లు మాట్లాడేది వింటాడు.

'మనీబాల్' ఆటగాడి విలువను సీజన్ వరకే లెక్కిస్తుంది. 'బాల్ ఫోర్' ఆ విలువ చేజారిపోతున్న ఒక్క ఏడాదిని చూపిస్తుంది. కాన్ పుస్తకం ఆ తర్వాత బతకాల్సిన ఏళ్లనూ చూపిస్తుంది. అభిమానం అంటే ఆ ఏళ్లు కూడా పట్టించుకోవడమేనని నా ఉద్దేశం. అందుకే నా ఓటు దానికి.

అలాగని అందరికీ అదే ఇవ్వమనను. ఆట ఇప్పుడిప్పుడే అర్థమవుతున్నవాళ్లకు, లెక్కలంటే ఇష్టమున్న హైస్కూల్ పిల్లలకు 'మనీబాల్'తోనే మొదలుపెట్టించండి. పాత ఆటగాళ్ల పేర్లు ఏమాత్రం తెలియకుండా కాన్ చేతికొస్తే మొదటి సగం భారంగా నడుస్తుంది. అందులో ఆయన బాల్యం, తండ్రి నేర్పిన బేస్‌బాల్, పత్రికాఫీసు ముచ్చట్లే ఎక్కువ. విసుగనిపిస్తే నేరుగా రెండో భాగానికి వెళ్లి ఫురిల్లో, కాక్స్, క్యాంపనెల్లా అధ్యాయాలు చదివి, తర్వాత మొదటికి రండి.